లోహమే ఇంధనమైతే: లోహ-గాలి ఘటాన్ని కట్టి, కొలిచి, తూచి తెలుసుకునే విధానం

లోహం అనగానే తీగ, పాత్ర, యంత్రం గుర్తుకు వస్తాయి గానీ ఇంధనం గుర్తుకు రాదు. అయితే ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు సుమారు 34 మెగాజౌళ్ల శక్తి వెలువడితే, అంతే ఘనపరిమాణం ఉన్న అల్యూమినియం పూర్తిగా ఆక్సీకరణం చెందినప్పుడు దాదాపు 84 మెగాజౌళ్లు వెలువడుతుంది. బరువు లెక్కన మాత్రం పెట్రోలుదే పైచేయి. కిలో పెట్రోలుకు సుమారు 46 మెగాజౌళ్లు రాగా, కిలో అల్యూమినియంకు 31 వస్తుంది. ఈ శక్తిని రెండు దారుల్లో రాబట్టవచ్చు. లోహపు పొడిని మండించి వేడిగా తీసుకోవడం ఒక దారి. లోహాన్ని ఘటంలో (బ్యాటరీ సెల్‌లో) ఆనోడ్‌గా, అంటే ఎలక్ట్రాన్లు వదిలే ధ్రువంగా నిలిపి, గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలవనిచ్చి, నేరుగా కరెంటుగా తీసుకోవడం రెండవది. ఈ మార్గదర్శిలో ప్రధానంగా రెండవ దారిని చేతితో చేసి చూద్దాం.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఈ పనిలో మల్టీమీటర్ ఎంత అవసరమో, 0.01 గ్రాము వరకు తూచగల చిన్న త్రాసు అంతకన్నా ఎక్కువ అవసరం. వోల్టేజి చూసి సంతోషించి ఆగిపోయినవారికి లోహం ఇంధనంగా ఎంత పనికి వస్తుందో ఎప్పటికీ తెలియదు. ఎంత లోహం కరిగింది, దానికి బదులు ఎంత విద్యుత్తు చేతికి వచ్చింది అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు త్రాసు మీదే దొరుకుతుంది.

మొదటి మెట్టు: లోహం చేసే పని ఏమిటో తేల్చుకోవడం

శక్తి రంగంలో లోహం కనీసం మూడు వేర్వేరు పనులు చేస్తుంది, వీటిని కలగలిపితే లెక్కలన్నీ తప్పుతాయి. ఘటంలోని జింకు, అల్యూమినియం, రాకెట్టు ఘన ఇంధనంలోని అల్యూమినియం పొడి తామే ఖర్చవుతాయి కాబట్టి అవి ఇంధనాలు. స్పేస్ షటిల్ బూస్టర్లలోని ఇంధన మిశ్రమంలో బరువు ప్రకారం 16 శాతం అల్యూమినియం పొడే ఉండేది. హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి కరెంటు ఇచ్చే ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినం అలా ఖర్చు కాదు. అది చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకం మాత్రమే. మూడవ పని నిల్వ చేయడం. లాంథనం-నికెల్ మిశ్రమ లోహం గది ఉష్ణోగ్రత దగ్గరే హైడ్రోజన్‌ను తనలోకి పీల్చుకొని మళ్లీ వదులుతుంది గానీ, దాని బరువులో సుమారు 1.4 శాతం మాత్రమే పట్టి ఉంచగలదు. మెగ్నీషియం 7.6 శాతం దాకా పట్టి ఉంచుతుంది, కానీ దాన్ని తిరిగి వదిలించడానికి 300 డిగ్రీల సెల్సియస్ స్థాయి వేడి కావాలి. బరువు భారం కాని చోట, అంటే జర్మన్ నౌకాదళపు 212 తరగతి జలాంతర్గాముల వంటి చోట్ల, ఇలా లోహంలో హైడ్రోజన్‌ను దాచే లోహ హైడ్రైడ్ నిల్వ చక్కగా ఇమిడింది.

ఇంధనంలో కొద్దిగా కలిపే లోహం సంగతి వేరు. 1921లో పెట్రోలు ఇంజను తడబాటును (నాకింగ్‌ను) ఆపడానికి టెట్రాఇథైల్ లెడ్ పనికి వస్తుందని కనుగొన్నారు. ఆ సీసం గాలిలో కలిసి కోట్ల మంది ఒంట్లోకి చేరింది. రోడ్డు వాహనాల పెట్రోలులో దాని అమ్మకం ప్రపంచంలో పూర్తిగా ఆగడానికి 2021 దాకా పట్టింది. వాహనాల పొగను శుభ్రపరిచే కన్వర్టర్‌లోని ప్లాటినాన్ని సీసం పనికిరాకుండా చేయడం కూడా దాన్ని తొలగించడానికి ఒక కారణమైంది. ఇంధనంలో కలిపిన లోహం కాలి మాయమైపోదని, ఏదో ఒక చోట పేరుకుంటుందని ఇక్కడి నుంచే గుర్తు పెట్టుకోవాలి.

రెండవ మెట్టు: కాగితం మీద లోహాన్ని ఎంచుకోవడం

ఒక గ్రాము లోహం సిద్ధాంతపరంగా ఎన్ని ఆంపియర్ గంటలు ఇస్తుందో తెలుసుకోవడానికి 26.8ని (ఒక మోల్ ఎలక్ట్రాన్లు మోసే ఆంపియర్ గంటలు ఇవి) ఆ లోహపు పరమాణువు వదిలే ఎలక్ట్రాన్ల సంఖ్యతో హెచ్చించి, పరమాణు భారంతో భాగించాలి. అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు వదులుతుంది, పరమాణు భారం 27. కాబట్టి గ్రాముకు 2.98 ఆంపియర్ గంటలు. ఇదే లెక్కన మెగ్నీషియంకు 2.2, ఇనుముకు 0.96, జింకుకు 0.82, లిథియంకు 3.86 వస్తుంది. దీన్ని ఘటపు సిద్ధాంత వోల్టేజితో హెచ్చిస్తే శక్తి తేలుతుంది. అల్యూమినియం-గాలి జతకు 2.7 వోల్టుల చొప్పున కిలోకు సుమారు 8.1 కిలోవాట్ గంటలు, మెగ్నీషియంకు 3.1 వోల్టుల చొప్పున 6.8, జింకుకు 1.65 వోల్టుల చొప్పున 1.35, ఇనుముకు 1.28 వోల్టుల చొప్పున 1.2.

ఈ అంకెలు చూడగానే అల్యూమినియం వైపు మొగ్గు చూపాలనిపిస్తుంది. అక్కడే ఆగి ఇంకొక్క వరుస రాసుకోవాలి: భారం మోస్తున్నప్పుడు, అంటే కరెంటు ఇస్తున్నప్పుడు, వోల్టేజి ఎంత నిలుస్తుంది? జింకు 1.65 ఆశ చూపి 1.2 లేదా 1.3 ఇస్తుంది. అల్యూమినియం 2.7 ఆశ చూపి, గాఢమైన క్షార ద్రావణంలో మంచి ఎలక్ట్రోడ్‌తో కూడా అదే 1.2 దగ్గరకు దిగుతుంది, ఉప్పునీటిలో ఇంకా కిందికి పోతుంది. కారణం దాని ఒంటి మీద ఎప్పుడూ ఉండే పలుచని ఆక్సైడ్ పొర. అల్యూమినియం పాత్ర తుప్పు పట్టకుండా ఏళ్ల తరబడి నిలిచేది ఆ పొర వల్లే, ఘటంలో మనకు అడ్డు తగిలేదీ ఆ పొరే. అందుకే ప్రయోగశాలల్లో అతి శుద్ధమైన అల్యూమినియంలో గాలియం, ఇండియం, తగరం వంటివి కొద్దికొద్దిగా కలిపి ఆ పొరను బలహీనపరుస్తారు.

తొలి ప్రయోగానికి ఉప్పునీటిలో అల్యూమినియాన్నే ఎంచుకోవాలని నా సలహా. వోల్టేజి తక్కువే అయినా ప్రమాదం తక్కువ, చూసి నేర్చుకోవలసినది ఎక్కువ.

మూడవ మెట్టు: తయారైన ఘటంతో కన్ను అలవాటు చేసుకోవడం

సొంతంగా కట్టేముందు వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింకు-గాలి బొత్తాం ఘటాన్ని ఒకటి తెచ్చుకోవాలి. దాని ఒక ముఖం మీద చిన్న రంధ్రాలు, వాటిని మూస్తూ ఒక రంగు కాగితం అంటించి ఉంటాయి. ఆ కాగితం ఉండగా వోల్టేజి కొలిచి రాసుకోవాలి. తర్వాత కాగితం పీకి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొలిస్తే, 1.4 వోల్టుల దగ్గరకు ఎక్కి నిలబడుతుంది. లోపలికి వెళ్లినది గాలి మాత్రమే.

ఇప్పుడు ఘటాన్ని త్రాసు మీద తూచి, బరువు రాసుకొని, 150 ఓముల రెసిస్టర్ మీదుగా మూడు రోజులు నడవనివ్వాలి. సుమారు 8 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. మూడు రోజుల తర్వాత తూస్తే ఘటం తేలిక కాదు, బరువెక్కి ఉంటుంది. ఒక ఆంపియర్ గంట విద్యుత్తుకు సుమారు 0.30 గ్రాముల ఆక్సిజన్ జింకుతో కలుస్తుంది కాబట్టి, 600 మిల్లీ ఆంపియర్ గంటలు వచ్చి ఉంటే దాదాపు 0.18 గ్రాము పెరగాలి. గాలి మరీ పొడిగా ఉంటే లోపలి నీరు కొంత ఆవిరై ఈ తేడా తగ్గుతుంది. రెండు గ్రాములైనా లేని బిళ్ల ఖర్చవుతూ బరువెక్కడం త్రాసు మీద చూసినవారికి లోహ-గాలి ఘటం అంటే ఏమిటో ఇక ఎవరూ వివరించనక్కరలేదు. ఈ ఘటాలు పిల్లల నోటికి అందకుండా చూడాలి. మింగితే అన్నవాహికను కాల్చివేస్తాయి.

నాలుగవ మెట్టు: గాలి ఎలక్ట్రోడ్ తయారీ

ఘటం మొత్తంలో కష్టమైనదీ, శ్రద్ధ కోరేదీ ఇదే. ఆక్సిజన్ వాయువు, ఉప్పునీటి ద్రవం, కరెంటును మోసే ఘనపదార్థం ఈ మూడూ ఒకే చోట కలిస్తేనే చర్య జరుగుతుంది. బొగ్గు పూర్తిగా మునిగితే గాలి అందదు, పూర్తిగా ఎండితే ద్రవం అందదు. నేను మొదట కట్టిన ఘటంలో బొగ్గు ముద్దను ఉప్పునీటి గిన్నెలో నిండా ముంచేశాను. మొదటి పది నిమిషాలు కరెంటు బాగానే వచ్చి, ఆ తర్వాత కళ్ల ముందే పడిపోయింది. బొగ్గు తన రంధ్రాల్లో ముందే దాచుకున్న ఆక్సిజన్ అయిపోయేదాకా నడిచి ఆగిందని తర్వాత అర్థమైంది. నీరు వంపేసి, ముద్దను తడిగా మాత్రమే ఉంచి, ఒక వైపు గాలికి తెరిచి పెట్టగానే అదే ఘటం మళ్లీ లేచింది.

కావలసినవి: చేపల తొట్టి వడపోతలో వాడే ఉత్తేజిత బొగ్గు 30 గ్రాములు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడ ముక్క ఒకటి, మూత ఉన్న పలుచని ప్లాస్టిక్ డబ్బా, వడపోత కాగితం, అయోడిన్ లేని ఉప్పు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు మందం గల అల్యూమినియం రేకు రెండు. ఇటువంటి రేకు ఒక్కొక్కటి సుమారు 5.4 గ్రాములు తూగుతుంది. వంటింట్లో వాడే పలుచని ఫాయిల్‌తోనూ ఘటం నడుస్తుంది గానీ, అది చిల్లులు పడి ముక్కలవుతుంది, తర్వాత తూచడానికి ఏమీ మిగలదు.

బొగ్గును దంచి, గోధుమ రవ్వ కన్నా కొంచెం సన్నగా చేయాలి. దంచేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. డబ్బా అడుగున ఒక సెంటీమీటరు దూరంలో ఒక్కొక్కటిగా రంధ్రాలు పొడిచి, డబ్బాను రెండు పుల్లల మీద పైకి ఎత్తి పెట్టాలి, గాలి కింద నుంచి రావాలి కనుక. జల్లెడ ముక్కను అడుగున పరిచి, దాని ఒక కొన డబ్బా బయటికి వచ్చేలా వంచాలి. అది క్యాథోడ్ (గాలి వైపు ధ్రువం) తీగ. లీటరు నీటికి 150 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణాన్ని బొగ్గులో కొద్దికొద్దిగా పోస్తూ, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి గానీ నీరు కారకూడదు అన్నంత తడికి తీసుకురావాలి. ఆ ముద్దను జల్లెడ మీద 5 మిల్లీమీటర్ల మందంగా పరిచి గట్టిగా అదమాలి. వదులుగా ఉన్న బొగ్గులో రేణువుల మధ్య కరెంటు పారదు. చాలా ఘటాలు విఫలమయ్యేది ఇక్కడే.

జల్లెడకు బదులు రాగి తీగ వాడవద్దు. ఉప్పునీరు, గాలి కలిసి రాగిని తినేస్తాయి. కాగితం మీద పచ్చని మరక కనబడితే మీరు కొలుస్తున్నది అల్యూమినియం-గాలి ఘటాన్ని కాదు, అందులో రాగి కూడా వచ్చి చేరింది.

ఐదవ మెట్టు: కూర్చడం

అల్యూమినియం రేకులు రెండింటినీ సన్నని గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, విడివిడిగా తూచి బరువులు రాసుకోవాలి. ఒకటి ఘటంలోకి వెళుతుంది. రెండవది ఏ తీగా తగిలించకుండా అదే ఉప్పునీరు ఉన్న వేరే గిన్నెలో పడి ఉండాలి. ఊరికే కూర్చుంటే ఎంత కరుగుతుందో అది చెబుతుంది.

బొగ్గు మీద ఉప్పునీటిలో తడిపిన వడపోత కాగితం రెండు పొరలు పరిచి, దాని మీద రేకును ఉంచి, పైన అర కిలో బరువు పెట్టాలి. రేకు అంచు ఎక్కడా బొగ్గుకు తగలకూడదు. తగిలితే ఘటం లోపల్లోపలే షార్ట్ అయి, బయటికి రావలసిన విద్యుత్తు అక్కడే వృథా అవుతుంది.

ఆరవ మెట్టు: కొలవడం

కూర్చిన వెంటనే వచ్చే అంకెను నమ్మవద్దు. బొగ్గులో దాగిన ఆక్సిజన్ తన వంతు ముగించడానికి, తడి సమంగా పరుచుకోవడానికి అరగంట ఇవ్వాలి. తర్వాత ఏ భారమూ లేకుండా కొలిస్తే సాధారణంగా 0.6 నుంచి 0.8 వోల్టుల మధ్య ఉంటుంది. ఆపైన 1000, 220, 100, 47, 22, 10 ఓముల రెసిస్టర్లను ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ఒక్కొక్కదానితో ఐదు నిమిషాలు ఆగి, రెసిస్టర్ కొసల మధ్య వోల్టేజి రాసుకోవాలి. వోల్టేజిని ఓములతో భాగిస్తే కరెంటు, ఆ రెంటినీ హెచ్చిస్తే సామర్థ్యం (వాట్లు). వోల్టేజి మొదటిదానిలో సుమారు సగానికి దిగిన చోట సామర్థ్యం గరిష్ఠంగా ఉంటుంది. ఘటం అంతర్గత నిరోధం బయటి నిరోధానికి సమానమైన చోటు అదే.

కరెంటును మల్టీమీటర్‌తో నేరుగా కొలిచే అలవాటు మానుకోవడం మంచిది. ఆంపియర్ల అమరికలో మీటరు దాదాపు షార్టే కాబట్టి, ఘటాన్ని ఒక క్షణం పిండి చూసినట్టవుతుంది గానీ అది నిలబెట్టి ఇవ్వగలిగే కరెంటు ఎంతో తెలియదు.

ఎర్ర ఎల్ఈడీ దీపం వెలగడానికి సుమారు 1.8 వోల్టులు కావాలి. ఘటం ఒక్కొక్కటి భారం మీద 0.45 వోల్టు ఇస్తుంటే నాలుగు వరుసగా కలపాలి, ఐదు పెడితే ధీమాగా వెలుగుతుంది. వరుసలో ఒక్క ఘటం బలహీనంగా ఉన్నా మొత్తం కరెంటు దానికే కట్టుబడుతుంది కనుక, కలిపే ముందు ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించాలి.

ఏడవ మెట్టు: తూచడం

22 ఓముల రెసిస్టర్‌తో ఘటాన్ని 24 గంటలు నడపాలి. గంటకోసారి వీలుకాకపోయినా, కనీసం ఎనిమిది సార్లు వోల్టేజి రాసుకోవాలి. బొగ్గు ఎండిపోకుండా అప్పుడప్పుడు కొన్ని చుక్కల నీరు చల్లాలి. గదిలో గాలి ఆడాలి, దగ్గర్లో మంట ఉండకూడదు, ఎందుకంటే రేకు మీద కనబడే బుడగలు హైడ్రోజన్. విద్యుత్తు ఇవ్వకుండా వృథాగా కరిగిన ప్రతి గ్రాము అల్యూమినియంకు లీటరుకు పైగా హైడ్రోజన్ వస్తుంది.

సమయం ముగిశాక రేకును తీసి చూస్తే, దాని మీద తెల్లని జిగురు వంటి పొర, అక్కడక్కడా నల్లని గుంటలు కనబడతాయి. ఆ తెలుపు అల్యూమినియం హైడ్రాక్సైడ్. నీటి ధార కింద మెత్తని బ్రష్‌తో అది పూర్తిగా పోయేదాకా కడిగి, ఆరబెట్టి తూచాలి. పొర కొంచెం మిగిలినా లోహం తక్కువ కరిగినట్టు త్రాసు చూపుతుంది, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

లెక్క ఇలా సాగుతుంది. సగటు వోల్టేజి 0.44, సగటు కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 24 గంటల్లో 0.48 ఆంపియర్ గంటలు వచ్చాయి. దీన్ని 2.98తో భాగిస్తే, ఆ విద్యుత్తుకు న్యాయంగా కరగవలసిన అల్యూమినియం 0.16 గ్రాము. త్రాసు 0.21 గ్రాము తగ్గిందని చెబితే, లోహ వినియోగం 76 శాతం. మిగిలినది బుడగలై పోయింది. తీగ తగిలించని రెండవ రేకు దాదాపు ఏమీ తగ్గకపోతే, ఈ నష్టం ఊరికే ఉండటం వల్ల కాక, కరెంటు పారుతున్నప్పుడు పొర పగిలిన చోట్ల వచ్చిందని తెలుస్తుంది. మెగ్నీషియంతో ఇదే ప్రయోగం చేస్తే కరెంటు పెంచినకొద్దీ బుడగలూ పెరగడం కంటికే కనబడుతుంది.

శక్తి లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 0.48ని 0.44తో హెచ్చిస్తే 0.21 వాట్ గంట. కరిగిన లోహం 0.21 గ్రాము. అంటే కిలోకు ఒక కిలోవాట్ గంట. కాగితం మీద ఉన్న 8.1లో ఎనిమిదో వంతు.

ఇంకొక లెక్క కూడా ఇక్కడే చూడాలి. ఘటంలో అల్యూమినియం, ఆక్సిజన్, నీరు కలిసి హైడ్రాక్సైడ్ అవుతాయి, ఆ చర్యలో కిలో అల్యూమినియంకు దాదాపు సరిగ్గా కిలో నీరు పడుతుంది. ప్రకటనల్లో కిలో అల్యూమినియంకు ఇన్ని కిలోమీటర్లు అని కనబడితే, నీటి బరువు కలిపారో లేదో ముందు అడగాలి. కిలో లోహం చివరకు 2.9 కిలోల హైడ్రాక్సైడ్‌గా మిగులుతుంది, దాన్ని బండే మోయాలి.

ఎనిమిదవ మెట్టు: మెరుగుపరచడం, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం

ఉప్పునీటికి బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వాడితే వోల్టేజీ కరెంటూ గణనీయంగా పెరుగుతాయి. ఇంట్లో మాత్రం ఆ పని వద్దు. గాఢ క్షారం కంటిని శాశ్వతంగా పాడు చేయగలదు, అందులో పడిన అల్యూమినియం వేడెక్కుతూ హైడ్రోజన్‌ను ధారగా వదులుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పొగగూడు, పర్యవేక్షణ ఉన్న ప్రయోగశాలలోనే దాన్ని ముట్టుకోవాలి. లోహపు పొడిని మండించే ప్రయోగాలూ అంతే. సన్నని అల్యూమినియం పొడి గాలిలో లేచి నిప్పు తగిలితే పేలుతుంది. ఆ దారి పరిశ్రమలది. 2020లో నెదర్లాండ్స్‌లోని ఒక బీరు కర్మాగారంలో ఇనుప పొడిని మండించి ఆవిరి తయారుచేసి చూపించారు. మండాక మిగిలిన తుప్పును పట్టుకొని హైడ్రోజన్‌తో తిరిగి ఇనుముగా మార్చవచ్చు, పొగలో కార్బన్ డయాక్సైడ్ ఉండదు.

హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ వైపు వెళ్లాలనుకునేవారు చిన్న పీఈఎం ఘటం (ప్రోటాన్లను పోనిచ్చే పలుచని పొర ఉన్న ఘటం) ఒకటి కొని నేర్చుకోవడం నయం. 1839లో శాస్త్రవేత్త విలియం గ్రోవ్ ప్లాటినంతోనే ఇలాంటి ఘటాన్ని నడిపాడు, నేటికీ దానికి సాటి వచ్చేది దొరకలేదు. మారినదల్లా పరిమాణం, ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు అర మిల్లీగ్రాముకు లోపే సరిపోతుంది. ఆ ఘటంలో స్వేదన జలం తప్ప ఏ నీరూ పోయకూడదు. కుళాయి నీటిలోని ఇనుము, కాల్షియం, సోడియం అయాన్లు పొరలో ప్రోటాన్ల స్థానాన్ని ఆక్రమిస్తాయి, ఇనుము ఆ పొరను తినివేసే రసాయనాలకూ దారి తీస్తుంది. హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షలకు పది పాళ్లు ఉన్నా ప్లాటినం ఊపిరి ఆగుతుంది, అందుకే అవసరమైన చోట రుథీనియం కలుపుతారు. 600 నుంచి 1000 డిగ్రీల మధ్య నడిచే ఘన ఆక్సైడ్ ఘటాల్లో వేడే సగం పని చేస్తుంది కనుక, ప్లాటినం స్థానంలో చవకైన నికెల్ సరిపోతుంది.

తొమ్మిదవ మెట్టు: లోహాన్ని వెనక్కి తెచ్చే లెక్క

లోహం భూమిలో ఇంధనంగా దొరకదు, ఆక్సైడ్‌గా దొరుకుతుంది. 1886లో కనుగొన్న హాల్-హెరూల్ పద్ధతిలో, అంటే కరిగిన లవణంలో ఆక్సైడ్‌ను విద్యుత్తుతో విడదీసే పద్ధతిలో, కిలో అల్యూమినియం తీయడానికి 13 నుంచి 15 కిలోవాట్ గంటల విద్యుత్తు ఖర్చవుతుంది. మన ఘటం అందులోంచి ఒక్కటి తిరిగి ఇచ్చింది. అంటే సుమారు 7 శాతం. మంచి క్షార ఘటంలో 1.2 వోల్టుల దగ్గర కిలోకు 3.6 వచ్చినా పావు వంతే. పైగా నీటి ద్రావణం నుంచి అల్యూమినియాన్ని విద్యుత్తుతో తిరిగి పూత పెట్టలేము, లోహం కన్నా ముందు హైడ్రోజనే వస్తుంది. హైడ్రాక్సైడ్ మళ్లీ కర్మాగారానికి వెళ్లవలసిందే. జింకు అలా కాదు, నీటి ద్రావణంలోనే తిరిగి లోహంగా పేరుకుంటుంది, అందుకే మళ్లీ మళ్లీ ఛార్జి చేసే ఘటాలకు దాన్ని ప్రయత్నిస్తున్నారు.

నా అభిప్రాయం ఇది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే అవసరపడి, అప్పటిదాకా పొడిగా ఏళ్ల తరబడి పడి ఉండవలసిన అత్యవసర దీపానికి, సముద్రంలో వాడే పరికరానికి అల్యూమినియం, మెగ్నీషియం తగినవి. రోజూ నడిచే పనికి తగవు.

ఇదే డబ్బా, ఇదే బొగ్గు, ఇవే రెసిస్టర్లు ఉంచి, అల్యూమినియం స్థానంలో అదే కొలతల జింకు రేకును పెట్టి 24 గంటల పరుగును మళ్లీ నడపండి. ఈసారి ఆంపియర్ గంటలను 2.98తో కాక 0.82తో భాగించాలి. రెండు రేకుల వినియోగ శాతాలను పక్కపక్కన రాసుకొని, మీ పనికి ఏ లోహం తగునో అప్పుడు నిర్ణయించుకోండి.